రాసి ఉన్నది, నడుస్తున్నది: సర్వర్ల భద్రతా తనిఖీపై ఒక ప్రసంగం

నమస్కారం. సర్వర్ల సెట్టింగులను భద్రతా బేస్‌లైన్లతో సరిచూడడం గురించి మాట్లాడమన్నారు. దీని మీద ఒక జాబితా చదివి వినిపించడం తేలికే, కానీ జాబితాలు మీ అందరి దగ్గరా ఉన్నాయి. కాబట్టి నాకు జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన చోట ప్రతి నెలా ఒక రిపోర్టు వచ్చేది. ఒక స్క్రిప్టు లైనక్స్ సర్వర్లన్నీ చుట్టి వచ్చి, ఈ నియమం పాస్, ఆ నియమం ఫెయిల్ అని పట్టిక ఇచ్చేది. అందులో ఒక గడి ‘ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపి ఉందా’ అని. ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి. ప్రతి సర్వర్ ఎదురుగా పచ్చ రంగు. నెలల తరబడి పచ్చ రంగే. ఒకరోజు వేరే పని మీద లాగ్‌లు తిరగేస్తుంటే ఒక సర్వర్‌లో ‘యాక్సెప్టెడ్ పాస్‌వర్డ్’ అన్న లైను కంటబడింది. లాగిన్ అయినది మా టీమ్‌లోని మనిషే, నష్టమేమీ జరగలేదు. కానీ మూసి ఉందని అందరం నమ్ముతున్న తలుపు తెరిచే ఉంది. ఎన్నాళ్ళ నుంచి అని వెతికితే, ఆ సర్వర్ పుట్టిన రోజు నుంచి.

కారణం చాలా చిన్నది. ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ అనే ప్రధాన ఫైల్లో ‘పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో’ అని శుభ్రంగా రాసి ఉంది. మా స్క్రిప్టు ఆ ఫైల్లో ఆ లైను కోసం గ్రెప్ కొట్టి, అంటే ఆ మాటలను వెతికి, దొరికింది కాబట్టి పాస్ అని రాసేది. అయితే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ 8.2 నుంచి, అంటే 2020 నుంచి, ఆ ఫైలు ‘ఇన్‌క్లూడ్’ అన్న మాటతో వేరే డైరెక్టరీలోని ఫైళ్ళను కూడా కలుపుకోగలదు. ఉబుంటు, డెబియన్ అనే లైనక్స్ రకాల్లో ఆ ఇన్‌క్లూడ్ లైను ప్రధాన ఫైలు మొదట్లోనే ఉంటుంది. సర్వర్‌ను మొదటిసారి లేపినప్పుడు దాన్ని సిద్ధం చేసే క్లౌడ్ ఇనిట్ అనే ప్రోగ్రాము ఆ డైరెక్టరీలో ఒక చిన్న ఫైలు పెట్టింది. అందులో ఉన్నది ఒకటే లైను: ‘పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ యెస్’. ఎస్‌ఎస్‌హెచ్ లెక్క ప్రకారం ఒకే సెట్టింగు రెండుచోట్ల కనిపిస్తే ముందు కనిపించినదే చెల్లుతుంది. కాబట్టి ఆ ‘యెస్’ చెల్లింది. కింద మేము రాసుకున్న ‘నో’ను ఎస్‌ఎస్‌హెచ్ చదివింది, పక్కన పెట్టింది.

ఆ రోజు నుంచి తనిఖీని నేను చూసే తీరు మారిపోయింది. ఫైల్లో రాసి ఉన్నది వేరు, యంత్రంలో నడుస్తున్నది వేరు. తనిఖీ అన్న పేరుతో మనం చేసే పనిలో ఎక్కువ భాగం రాసి ఉన్నదాన్ని చదవడమే. దాడి చేసేవాడు మాత్రం రాసి ఉన్నదాన్ని చదవడు, నడుస్తున్నదాన్ని తట్టి చూస్తాడు. ఈ తేడా ఎక్కడెక్కడ దాక్కుంటుందో చెప్పడానికే వచ్చాను.

బేస్‌లైన్ అంటే ఏమిటో ఒకసారి అనుకుందాం, కొత్తవాళ్ళు ఉన్నారు కాబట్టి. ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌నో, డేటాబేస్‌నో, వెబ్ సర్వర్‌నో పనిలోకి దించే ముందు దాని సెట్టింగులు కనీసం ఇలా ఉండాలి అని అనుభవజ్ఞులు కూర్చుని రాసిన పత్రం. అందరికీ తెలిసినవి సీఐఎస్ బెంచ్‌మార్కులు. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ సెక్యూరిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ 2000లో మొదలై వీటిని రాయిస్తోంది. వీటిలో లెవెల్ 1, లెవెల్ 2 అని రెండు మెట్లు ఉంటాయి. లెవెల్ 1 మామూలు పనికి పెద్దగా అడ్డురాకుండా పెట్టగలిగినది. లెవెల్ 2 ఇంకా గట్టిది, కొన్ని పనులకు అడ్డం పడవచ్చని వాళ్ళే చెబుతారు. రెండోది స్టిగ్, అమెరికా రక్షణ శాఖ కోసం డీసా అనే విభాగం రాసేది. అందులో లోపాలను మూడు తరగతులు చేస్తారు. క్యాట్ 1 అంటే వెంటనే ముప్పు తెచ్చేది, క్యాట్ 3 అంటే రక్షణను కొంత బలహీనపరిచేది. విండోస్‌కు మైక్రోసాఫ్ట్ స్వయంగా బేస్‌లైన్లు ఇస్తుంది. కార్డుల లావాదేవీలు చూసేవాళ్ళకు పీసీఐ డీఎస్‌ఎస్ అనే భద్రతా ప్రమాణం ఉంది, దాని రెండో నిబంధన మొత్తం సురక్షితమైన కాన్ఫిగరేషన్ గురించే.

ఇవి ఎందుకు అవసరమయ్యాయి? సాఫ్ట్‌వేర్ మన చేతికి వచ్చేటప్పుడు తేలిగ్గా పనిచేసేలా వస్తుంది. తేలిగ్గా పనిచేయడానికీ, భద్రంగా ఉండడానికీ చాలాసార్లు పొసగదు. 2017 జనవరిలో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న మోంగోడీబీ డేటాబేసులు వేలకు వేలు ఖాళీ అయిపోయాయి. లోపల ఉన్న డేటా మాయమై, దాని స్థానంలో డబ్బు పంపమని ఒక నోటు మిగిలింది. ఆ దాడికి ఎవరూ ఏ రహస్య లోపాన్నీ కనిపెట్టలేదు, ఏ పాస్‌వర్డ్‌నూ విరగ్గొట్టలేదు. లాగిన్ అడగకుండా, అన్ని నెట్‌వర్క్ చిరునామాల మీదా వింటూ కూర్చున్న డేటాబేసులు అవి. అదే ఏడాది చివర్లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి మోంగోడీబీ తనంతట తాను లోకల్‌హోస్ట్ మీద, అంటే అదే యంత్రం లోపలి నుంచి వచ్చేవాటిని, మాత్రమే వినేలా మార్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ‘ఆథరైజేషన్ ఆన్ చెయ్యి, అవసరమైన చిరునామాకే బైండ్ చెయ్యి’ అన్న రెండు మాటలను ముందే సరిచూసుకున్నవాళ్ళ డేటా ఎక్కడిదక్కడే ఉంది.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. ‘మేం వల్నరబిలిటీ స్కాన్ చేయిస్తున్నాం కదా, ఇది మళ్ళీ ఎందుకు’ అని అడుగుతుంటారు. ఆ స్కానర్ చూసేది ముఖ్యంగా ప్యాచ్, అంటే లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్, పడని సాఫ్ట్‌వేర్‌ని. ప్యాచ్‌లన్నీ పడిన సర్వర్ కూడా పాస్‌వర్డ్ లేకుండా తెరిచి ఉండవచ్చు. వనాక్రై అనే రాన్సమ్‌వేర్ పురుగును తీసుకోండి. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది, మేలో పురుగు వచ్చింది. ఆ పురుగు దూరింది ఫైళ్ళు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీ 1 అనే పాత ప్రోటోకాల్ గుండా. దాన్ని వాడవద్దని మైక్రోసాఫ్ట్ అంతకు ముందునుంచే చెబుతోంది. ఆ మాట విని ఎస్‌ఎంబీ 1 ఆపేసిన యంత్రానికి, ప్యాచ్ వేయడం ఆలస్యమైనా, ఆ దారి మూసే ఉంది. ప్యాచ్ ఒక కాపలా, కాన్ఫిగరేషన్ ఇంకో కాపలా. ఒకటి నిద్రపోయినప్పుడు రెండోది పనికొస్తుంది.

సరే, తనిఖీ ఎలా చేయాలి? ఏట్లో వేసినా ఎంచి వేయమన్నారు పెద్దలు. ముందు మీ సర్వర్లు ఎన్ని, అవి ఏమిటి అన్నది తెలియాలి. రిపోర్టులో లేని సర్వర్ ఎప్పుడూ ఫెయిల్ కాదు, ఆ సంగతి మరిచిపోవద్దు. పరీక్ష కోసం లేపి వదిలేసినవి, ఉద్యోగం మానేసిన మనిషి పేరు మీద ఉన్నవి, ‘వచ్చే నెల తీసేస్తాం’ అని ఏళ్ళుగా అంటున్నవి, ఇలాంటివి ఏ స్కాన్ జాబితాలోనూ ఉండవు. నేను ఎప్పుడు కొత్త చోటికి వెళ్ళినా స్కానర్ జాబితాను యంత్రాలకు చిరునామాలిచ్చే డీహెచ్‌సీపీ, వాటి పేర్లు చూసే డీఎన్‌ఎస్, క్లౌడ్ బిల్లు, ఈ మూడింటితో పోల్చి చూస్తాను. ముఖ్యంగా బిల్లు. ఏ యంత్రం నడుస్తోందో బిల్లుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

తర్వాత పనిముట్టు. చేతితో వందల నియమాలు చూడలేం కాబట్టి స్కాప్ అనే ప్రమాణం వచ్చింది. అమెరికాలోని నిస్ట్ అనే ప్రమాణాల సంస్థ దీన్ని నడిపిస్తుంది. దీనిలో ఎక్స్‌సీసీడీఎఫ్ అన్నది నియమాల జాబితా రాసే భాష, ఓవల్ అన్నది ఆ నియమాన్ని యంత్రం మీద ఎలా పరీక్షించాలో రాసే భాష. ఓపెన్ స్కాప్ అన్న ఉచిత పనిముట్టు ఈ రెండింటినీ చదివి రిపోర్టు ఇస్తుంది. లినిస్ అని ఇంకొకటి ఉంది, షెల్ స్క్రిప్టుతో 2007 నుంచి వస్తున్నది, త్వరగా ఒక చూపు చూసుకోవడానికి చాలా బాగుంటుంది. చెఫ్ వాళ్ళ ఇన్‌స్పెక్‌లో నియమాన్ని చదివితే మామూలు వాక్యంలా ఉంటుంది. ఏది వాడాలన్నది నాకు పెద్ద విషయం కాదు. దాని రిపోర్టును ఎలా చదువుతారన్నదే విషయం.

పాస్, ఫెయిల్ అని రెండే మాటలు ఉంటాయనుకుంటాం. ఓపెన్ స్కాప్ ఇంకా చాలా మాటలు చెబుతుంది. ‘నాట్ అప్లికబుల్’ అంటే ఈ నియమం ఈ యంత్రానికి వర్తించదు. ‘నాట్ చెక్డ్’ అంటే దీన్ని యంత్రం తనిఖీ చేయలేదు, మనిషి చూడాలి. ‘నాట్ సెలెక్టెడ్’ అంటే ఈ ప్రొఫైల్లో, తనిఖీకి ఎంచిన నియమాల గుంపులో, దీన్ని ఎంచుకోలేదు. ‘ఎర్రర్’ అంటే తనిఖీ మధ్యలో చతికిలపడింది. ఇప్పుడు ఆలోచించండి. రెడ్‌హ్యాట్ లైనక్స్ కోసం రాసిన ఫైలును దానికి వర్తించని ఇంకో డిస్ట్రిబ్యూషన్ మీద నడిపితే ఏమవుతుంది? నియమాలన్నీ నాట్ అప్లికబుల్ అని వస్తాయి. ఫెయిల్ ఒక్కటీ ఉండదు. పై వరసలో ఫెయిళ్ళ సంఖ్య మాత్రమే చూసే మేనేజర్‌కు ఆ సర్వర్ ఆదర్శ సర్వర్‌లా కనిపిస్తుంది. రూట్ హక్కు, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం, లేకుండా స్కాన్ నడిపినా ఇలాంటి చిక్కే. స్కానర్ చదవలేని ఫైళ్ళ గురించి అది ఇచ్చే తీర్పుకు విలువ లేదు. అందుకే రిపోర్టు అందగానే నేను మొదట వెతికేది ఫెయిళ్ళను కాదు. ఎన్ని నియమాలు నిజంగా పరీక్షకు కూర్చున్నాయి? పోయిన నెల ఎన్ని కూర్చున్నాయి? ఆ సంఖ్య ఉన్నట్టుండి తగ్గితే, ఫెయిళ్ళు తగ్గాయని సంతోషించే ముందు ఎందుకు తగ్గిందో కనుక్కోవాలి.

ఇప్పుడు మళ్ళీ ఎస్‌ఎస్‌హెచ్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే రాసి ఉన్నదానికీ నడుస్తున్నదానికీ మధ్య ఎన్ని పొరలు ఉంటాయో దాంట్లో బాగా కనిపిస్తుంది. మొదటి పొర, ప్రధాన ఫైలు. రెండో పొర, ఇన్‌క్లూడ్ చేసినవన్నీ కలిపితే తేలే లెక్క. దాన్ని చూడడానికి ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ క్యాపిటల్ టీ’ అని కొట్టండి. అన్ని ఫైళ్ళూ కలిపి చివరికి ఏ విలువ తేలిందో చెబుతుంది. మా స్క్రిప్టు గ్రెప్ బదులు దీన్ని అడిగి ఉంటే మొదటి నెలలోనే దొరికిపోయేది. మూడో పొర, మ్యాచ్ బ్లాకులు. ఫలానా యూజర్‌కు, ఫలానా చిరునామా నుంచి వస్తే మాత్రం పాస్‌వర్డ్ ఒప్పుకో అని ఎవరో రాసి ఉండవచ్చు. ఉత్త క్యాపిటల్ టీ అది చూపించదు. దానికి ‘హైఫన్ క్యాపిటల్ సీ’తో యూజర్, హోస్ట్, చిరునామా ఇచ్చి అడగాలి. నాలుగో పొర చాలామంది మరిచిపోతారు. క్యాపిటల్ టీ డిస్కు మీదున్న ఫైళ్ళను ఇప్పుడు చదివి చెబుతుంది. ఇప్పటికే నడుస్తున్న డీమన్, అంటే వెనకాల నడిచే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము, ఎప్పుడో మొదలైనప్పుడు చదువుకున్న విలువలతోనే ఉంది. ఫైలు దిద్ది రీలోడ్ చేయడం మరిచిపోతే ఫైలు ఒకటి చెబుతుంది, డీమన్ ఇంకొకటి చేస్తుంది. కాబట్టి ఫైలు చివరిసారి మారిన సమయాన్నీ, సర్వీసు మొదలైన లేదా రీలోడ్ అయిన సమయాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అన్నిటికన్నా నమ్మకమైనది, వేరే యంత్రం నుంచి కీ, అంటే పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య ఫైలు, ఇవ్వకుండా పాస్‌వర్డ్‌తో మాత్రమే లాగిన్ కావాలని ప్రయత్నించడం. సర్వర్ పాస్‌వర్డ్ అడిగిందంటే మీ రిపోర్టు తప్పు.

కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, దాని సెట్టింగుల దగ్గర లెక్క తిరగబడుతుంది. సిస్‌సీటీఎల్ డాట్ డీ డైరెక్టరీలో ఫైళ్ళను పేర్ల వరసలో చదువుతారు, చివర వచ్చినదే చెల్లుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో మొదటి మాట, ఇక్కడ చివరి మాట. ఈ ఒక్క తేడా తెలియక ఎన్ని తప్పు తీర్పులు వచ్చాయో నేను చూశాను. పైగా ఫైళ్ళతో పని లేకుండా ఏ ప్రోగ్రామైనా నడుస్తున్న కెర్నెల్‌లో విలువ మార్చగలదు. అప్లికేషన్లను కంటైనర్లనే విడి గదుల్లో నడిపే డాకర్ మొదలవుతూనే ఐపీ ఫార్వర్డింగ్‌ను, అంటే ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి ట్రాఫిక్ దాటించడాన్ని, 1 చేస్తుంది, అంటే ఆన్ చేస్తుంది. బెంచ్‌మార్కు 0 ఉండమంటుంది, ఫైల్లో 0 ఉంటుంది, కెర్నెల్‌లో 1 ఉంటుంది. అందుకే ఫైలును ఒకసారి, ప్రాక్ డైరెక్టరీ కింద ఉన్న అసలు విలువను ఒకసారి, రెండూ చూడాలి. రెండూ కలవకపోతే అది ఒక వార్త. ఇప్పుడు సరిగా ఉండి ఫైల్లో లేకపోతే రీబూట్ తర్వాత చెడుతుంది. ఫైల్లో సరిగా ఉండి ఇప్పుడు లేకపోతే ఎవరో మార్చారు.

సర్వర్ మీద ఎవరేం చేశారో లాగ్‌లో రాయించే ఆడిట్ నియమాలదీ అదే కథ. రూల్స్ డాట్ డీ లో చక్కగా రాసి ఉంటాయి. చివర ‘హైఫన్ ఈ 2’ అని ఉంటే నియమాలకు తాళం పడినట్టే, రీబూట్ చేసేదాకా ఇక మార్చలేం. మంచి రక్షణే. కానీ ఆ తాళం పడ్డాక మీరు ఒక కొత్త నియమం రాస్తే, అది ఫైల్లో ఉంటుంది, కెర్నెల్‌లోకి ఎక్కదు. ఏడాదిగా రీబూట్ కాని సర్వర్ ఏడాది క్రితపు నియమాలతోనే కాపలా కాస్తుంది. ‘ఆడిట్ సీటీఎల్ హైఫన్ ఎల్’ కొట్టి కెర్నెల్ ఏం చెబుతుందో వినండి. విండోస్ వాళ్ళకు, యంత్రాలన్నిటికీ ఒకేచోటి నుంచి సెట్టింగులు పంపే గ్రూప్ పాలసీలో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంటుంది. పాలసీ రాసి ఉంటుంది, కానీ సర్వర్ ఖాతా వేరే ఓయూలో, అంటే ఖాతాలను విడదీసి పెట్టే వేరే గుంపులో, ఉండిపోవడం వల్ల అది దాని దాకా చేరదు. ‘జీపీ రిజల్ట్’ ఆ యంత్రం మీదే నడిపి, చేరిందా లేదా చూసుకోవాలి.

ఇంకో మాట, ఇది కొంచెం గట్టిగా చెబుతాను. సెట్టింగులను పెట్టే పనిముట్టునే తనిఖీకి వాడొద్దు. యాన్సిబుల్ అనే పనిముట్టుతో సెట్టింగులు పెట్టి, అదే ప్లేబుక్‌ను, అంటే దాని ఆదేశాల ఫైలును, ఏదీ మార్చకుండా చూసే చెక్ మోడ్‌లో నడిపి ‘ఏమీ మారాల్సింది లేదు, కాబట్టి అంతా బాగుంది’ అనడం, పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకోవడం లాంటిది. ప్లేబుక్‌లో తప్పు ఉంటే చెక్ మోడ్ ఆ తప్పునే ఒప్పుగా చూపిస్తుంది. చెక్ మోడ్ చాలా మంచిది, ఎవరో చేతితో మార్చినవి పట్టుకోవడానికి నేను రోజూ వాడతాను. కానీ తీర్పు చెప్పేది ఇంకొక కన్ను అయి ఉండాలి.

ఇక నియమాలన్నీ అమలు చేసేయడమే మంచిదా అంటే, కాదు. లెవెల్ 2లో ఒక నియమం ఉంది. ఆడిట్ లాగ్‌లు నిండిపోయి ఇక రాయడానికి చోటు లేకపోతే సర్వర్‌ను ఆపేయమని. ఎవరేం చేశారో రాయలేని స్థితిలో నడవడం కన్నా ఆగడం మేలు అన్నది దాని వెనక ఆలోచన. కొన్ని చోట్ల అది సరైన ఆలోచనే. నేను చూసిన ఒకచోట ఆ నియమాన్ని జాబితాలో ఉంది కదా అని అన్ని సర్వర్లకూ పెట్టేశారు. ఒక రాత్రి ఒక బ్యాకప్ జాబ్ లక్షల ఫైళ్ళు తెరిచింది, ఆడిట్ లాగ్ పొంగింది, డిస్కు నిండింది, డేటాబేస్ సర్వర్ చెప్పినట్టే బుద్ధిగా ఆగిపోయింది. అర్ధరాత్రి లేచిన కుర్రాళ్ళకు అది ఎందుకు ఆగిందో తెల్లారేదాకా తెలియలేదు, ఎందుకంటే ఆ సెట్టింగు పెట్టినవాళ్ళు దాన్ని చదివి పెట్టలేదు. దాడి ఏదీ జరగలేదు. నష్టం మాత్రం దాడి జరిగినంతా జరిగింది. వాళ్ళను తప్పుపట్టలేను. నియమం వెనక కారణం చెప్పకుండా రిపోర్టులో ఎర్ర రంగు మాత్రం చూపించింది మాలాంటి తనిఖీ మనుషులమే.

ఇలాగే టెంప్ డైరెక్టరీకి ‘నో ఎగ్జిక్’, అంటే అక్కడి నుంచి ఏ ప్రోగ్రామూ నడవకూడదని, పెడితే, అక్కడ నేటివ్ లైబ్రరీలు విప్పుకుని వాడే కొన్ని జావా అప్లికేషన్లు లేవవు. దానికి పరిష్కారం నియమాన్ని వదిలేయడం కాదు, ఆ అప్లికేషన్‌కు వేరే టెంప్ డైరెక్టరీ చూపించడం. ఐపీ ఫార్వర్డింగ్ విషయంలో మాత్రం కంటైనర్లు నడిపే సర్వర్‌కు దాన్ని ఆపలేం. ఆపితే కంటైనర్ల నెట్‌వర్క్ పోతుంది. అక్కడ మినహాయింపు రాసుకోవాలి.

మినహాయింపు అన్నానుగా, బేస్‌లైన్ పనిలో నిజాయితీ అంతా ఇక్కడే తేలుతుంది. ఏ నియమం, ఏ సర్వర్లకు, ఏ కారణంతో, దాని బదులు ఏ రక్షణ పెట్టాం, ఎవరు బాధ్యులు, ఎప్పటిదాకా. ఈ చివరిది లేకపోతే మిగతావన్నీ వృథా. తేదీ లేని మినహాయింపు కొన్నాళ్ళకు బేస్‌లైన్ అయి కూర్చుంటుంది. ఇంకో జాగ్రత్త, మినహాయింపును నియమం నంబరుతో మాత్రమే రాయకండి. బెంచ్‌మార్కు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు నంబర్లు జరుగుతాయి. మీరు ఒకదానికి ఇచ్చిన మినహాయింపు ఇంకోదానికి అతుక్కుంటుంది. నియమాన్ని మాటల్లో రాయండి, బెంచ్‌మార్కు వెర్షన్ కూడా రాయండి. అలాగే నియమాల ఎంపికను మార్చుకునే టైలరింగ్ ఫైల్లో ఆ నియమాన్ని ఎంపిక నుంచి తీసేస్తే అది రిపోర్టులో కంటికి ఆనదు. నేనైతే దాన్ని ఫెయిల్‌గానే ఉండనిచ్చి, పక్కన మినహాయింపు అని రాయిస్తాను. ఎర్ర రంగు కనబడుతూ ఉండాలి. కనబడనిదాన్ని ఎవరూ మళ్ళీ ప్రశ్నించరు.

బేస్‌లైన్లు కూడా మారతాయి, అవేమీ శిలాశాసనాలు కావు. పాస్‌వర్డ్‌ను ఇన్ని రోజులకొకసారి మార్చాలి అన్న నియమాన్ని మనమంతా పాటించాం, పాటించేలా చేశాం. 2017లో నిస్ట్ తన 800-63బీ పత్రంలో, బయటపడిందన్న ఆధారం లేకుండా ఊరికే గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించవద్దంది. 2019లో మైక్రోసాఫ్ట్ తన విండోస్ బేస్‌లైన్ నుంచి పాస్‌వర్డ్ గడువును తీసేసింది. ఎందుకు? పత్రంలో రాసి ఉన్నది కొత్త పాస్‌వర్డ్, మనుషులు పెట్టింది పాత పాస్‌వర్డ్ చివర అంకె ఒకటి పెంచినది. రాసి ఉన్నదానికీ నడుస్తున్నదానికీ తేడా యంత్రాల్లోనే కాదు, మనుషుల్లోనూ ఉంటుంది. దానికి భిన్నంగా, ఎస్‌ఎస్‌హెచ్ ప్రోటోకాల్ 2 మాత్రమే వాడు అన్న నియమం చూడండి. ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ 7.4తో, 2016 చివర్లో, సర్వర్ నుంచి ప్రోటోకాల్ 1 పూర్తిగా పోయింది. ఆ తర్వాత కూడా ఆ లైను లేదని ఫెయిల్ ఇచ్చే స్క్రిప్టులు చూశాను. లేని ముప్పు కోసం ఎర్ర రంగు వేస్తే, ఉన్న ముప్పు మీద వేసిన ఎర్ర రంగును కూడా జనం పట్టించుకోవడం మానేస్తారు. ఏడాదికి ఒకసారైనా మీ తనిఖీలను మీరే తనిఖీ చేసుకోండి. ఒక పరీక్ష సర్వర్ మీద సెట్టింగును కావాలని చెడగొట్టండి. స్కానర్ ఫెయిల్ అనకపోతే ఆ పరీక్ష పనిచేయడం లేదు.

నా మాట ఇంతటితో ఆపుతాను. ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మా పైవాళ్ళు రిపోర్టులో నూటికి నూరు రావాలంటున్నారండి. ఏం చెప్పమంటారు?

వాళ్ళను అడగండి, లెవెల్ 1లో నూరా, లెవెల్ 2లో నూరా అని. అక్కడితో సంభాషణ మొదలవుతుంది. నూరు తెచ్చుకోవడానికి తేలిక దారి ఏమిటంటే ఫెయిలయ్యే నియమాలను ప్రొఫైల్ నుంచి తీసేయడం. అందరం ఆ ఒత్తిడిలో అదే చేస్తాం, మనం చెడ్డవాళ్ళం కావడం వల్ల కాదు, కొలబద్ద అలాంటిది కాబట్టి. అందుకే మార్కుల బదులు మూడు సంఖ్యలు చూపించండి. కారణం రాయని ఫెయిళ్ళు ఎన్ని, గడువు దాటిన మినహాయింపులు ఎన్ని, స్కాన్‌లో చేరని సర్వర్లు ఎన్ని. ఈ మూడూ సున్నా కావాలని అడగమనండి. అది అడగదగ్గ సున్నా.

ప్రశ్న: మేం ఇద్దరమే ఉన్నాం సార్. సర్వర్లు వందల్లో ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

బయటి నుంచి లోపలికి రండి. ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉన్న సర్వర్లు ముందు. ఒక్కొక్కదాని మీద ‘ఎస్‌ఎస్ హైఫన్ టీ యు ఎల్ పీ ఎన్’ కొట్టి, ఏ ప్రోగ్రాము ఏ చిరునామా మీద వింటోందో చూడండి. 0.0.0.0 మీద, అంటే అన్ని చిరునామాల మీదా, వింటున్న ప్రతిదానికీ ‘ఇది బయటికి ఎందుకు తెరిచి ఉంది’ అన్న జవాబు కావాలి. తర్వాత లాగిన్ దారులు, అంటే రూట్ లాగిన్, పాస్‌వర్డ్ లాగిన్, డిఫాల్ట్ ఖాతాలు. తర్వాత లాగ్‌లు వేరే చోటికి వెళ్తున్నాయా, గడియారాలు సరిగా ఉన్నాయా అన్నది. గడియారం తప్పితే లాగ్ ఎంత ఉన్నా సంఘటనను పేర్చలేం. ఈ మూడూ అయ్యాకే పూర్తి బెంచ్‌మార్కు పట్టుకోండి. వాడని కెర్నెల్ మాడ్యూళ్ళు, లాగిన్ బ్యానర్లు తర్వాత చూసుకోవచ్చు. ఇంకో పని కూడా చేయండి. కొత్తగా లేపే సర్వర్లన్నీ బేస్‌లైన్ ప్రకారం తయారుచేసిన ఒకే ఇమేజ్, అంటే ముందే సిద్ధం చేసిన నమూనా, నుంచి లేవాలి. పాతవి నెమ్మదిగా బాగుపడతాయి, కొత్తవి కనీసం కుప్పకు తోడు కాకుండా ఉంటాయి.

ప్రశ్న: స్కానరే సరిచేసే ఆప్షన్ ఉంది కదా, రెమిడియేట్ అని. అది వాడొచ్చా?

ఇంకా ఎవరూ వాడని కొత్త ఇమేజ్ తయారుచేసేటప్పుడు నిశ్చింతగా వాడండి. పనిలో ఉన్న సర్వర్ మీద వద్దు. అది వందల మార్పులు ఒకేసారి చేస్తుంది. ఏదైనా ఆగితే ఏ మార్పు వల్ల ఆగిందో వెతకడానికే రోజు పడుతుంది. ఫైర్‌వాల్ నియమం ఒకటి ముందు పడి, మీ చిరునామాకు అనుమతి తర్వాత పడాల్సి ఉంటే, ఆ మధ్యలోనే మీరు బయట పడిపోతారు. పనిలో ఉన్నవాటికి రెమిడియేషన్ స్క్రిప్టును ఫైలుగా తీయించుకుని, చదివి, ఒక్కో ముక్కగా, ముందు పరీక్ష సర్వర్ మీద, తర్వాత ఒక అసలు సర్వర్ మీద, తర్వాత మిగతావాటి మీద వేయండి. ఎస్‌ఎస్‌హెచ్ మారుస్తున్నప్పుడైతే ఒక సెషన్ తెరిచే ఉంచండి. ముందు ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ స్మాల్ టీ’తో ఫైల్లో అచ్చు తప్పులు లేవని చూసుకుని, రీలోడ్ చేసి, ఇంకో విండోలోంచి కొత్తగా లాగిన్ అవ్వండి. ఆ కొత్త లాగిన్ పడేదాకా మొదటి సెషన్ మూయకండి.